మా కెమెరా కంపెనీ మీద నాకెందుకింత కోపం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా చేతిలో కెమెరా చూసినవాళ్లు, ఏది కొనాలో అడగడానికి వచ్చినవాళ్లు, నేను ఈ విషయం ఎత్తగానే వేసే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకురావడం కంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది, కొన్నిటికి కాదు.

ఇంతకీ మీ బాధేంటి, ముందు అది చెప్పండి.

ఫోటోని పట్టే సెన్సర్ కాస్త చిన్నగా ఉండే క్రాప్ సెన్సర్ కెమెరాలు అమ్ముతారు, వాటికి తగ్గ లెన్సులు మాత్రం చేయరు. బాధంతా అదే.

పదహారేళ్లుగా ఒకే కంపెనీ సామాను వాడుతున్నాను. నాలుగు బాడీలు (లెన్స్ కాకుండా ఒట్టి కెమెరాలు), ఏడు లెన్సులు, రెండు ఫ్లాషులు. లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లు పక్కకెళ్లి ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ వచ్చినప్పుడు మా కంపెనీ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే చోటు) మార్చింది, సరే కాలం మారింది కదా అనుకుని నేనూ మారాను. అప్పుడు వాళ్లు చూపించిన లెన్స్ రోడ్‌మ్యాప్‌లో, అంటే ముందుముందు తెస్తామన్న లెన్సుల పట్టికలో, మా క్రాప్ సెన్సర్ వాళ్ల కోసం ఒక చిన్న వైడ్ ప్రైమ్ (జూమ్ లేని, ఎక్కువ వెడల్పు పట్టే లెన్స్), ఒక ఎఫ్ 2.8 జూమ్ (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ వెలుతురు ఎక్కువ పడుతుంది) బూడిదరంగు బొమ్మలుగా వేసి ఉన్నాయి. ఆ బొమ్మలు చూసే బాడీ కొన్నాను. జూమ్ ఇప్పటికీ రాలేదు. వైడ్ ప్రైమ్ ఒక ఏడాది వెనక్కి జరిగింది, మళ్లీ ఇంకో ఏడాది జరిగింది, ఆ తర్వాతి రోడ్‌మ్యాప్‌లో ఆ బొమ్మే లేదు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. ఎందుకు తీసేశారో అంతకన్నా చెప్పలేదు. రెండు రోడ్‌మ్యాపులు పక్కపక్కన పెట్టుకుని, ఇక్కడుండాలి కదా అని వేలు పెట్టి వెతుక్కున్నాను. లెన్స్ రాకపోవడం కంటే ఆ మౌనమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

ఏ కంపెనీ?

పేరు చెప్పను. చెప్తే మాట మొత్తం ఆ పేరు చుట్టూ తిరుగుతుంది, వాళ్ల అభిమానులు ఒకవైపు, మిగతావాళ్లు ఇంకోవైపు. ఇలాంటి పని ఈ రంగంలో దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసినవాళ్లే. బయట అందరికీ తెలిసిన ఉదాహరణలు మాత్రం పేర్లతోనే చెప్తాను.

క్రాప్ సెన్సర్ అంటే తక్కువ రకం అని కదా అర్థం?

కాదు, సైజు తేడా. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. క్రాప్ సెన్సర్ సుమారు 23.5×15.6, కెనన్‌లో ఇంకాస్త చిన్నది. సెన్సర్ చిన్నది కాబట్టి అదే లెన్స్ పెడితే మధ్యలో ముక్కే రికార్డవుతుంది, 1.5 రెట్లు దగ్గరికి లాగినట్టు ఉంటుంది. 300 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే 450 పెట్టినంత దగ్గరగా కనిపిస్తుంది. పక్షుల ఫోటోలు తీసేవాళ్లు డబ్బు లేక క్రాప్ బాడీ వాడుతున్నారని చాలామంది అనుకుంటారు, నిజానికి వాళ్లలో ఎక్కువమంది కావాలని ఎంచుకున్నవాళ్లు. 45 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ ఫోటోని అదే సైజుకి కత్తిరిస్తే చేతికొచ్చేది 20 మెగాపిక్సెల్, ఆ 20 మంచి క్రాప్ బాడీ తేలిగ్గా ఇస్తుంది, బరువు తక్కువ, ఫైళ్లు చిన్నవి.

మంచి క్రాప్ బాడీ చేయడం చేతకాక కాదు, చేసి చూపించారు కూడా. నికాన్ 2016లో డీ500 తెచ్చింది, సెకనుకి 10 ఫ్రేములు, ఖరీదైన బాడీల్లో ఉండే ఆటోఫోకస్. దానికి ముందు డీ300ఎస్ వచ్చింది 2009లో. మధ్యలో ఏడేళ్లు ఆ వరస వాళ్లు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఎదురుచూసి విసిగి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో.

లెన్సుల కొరత అంటారేంటి, ఫుల్ ఫ్రేమ్ లెన్సులు అవే మౌంట్‌కి పడతాయిగా?

పడతాయి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే కంపెనీ వాళ్లు ఇచ్చే సమాధానమూ ఇదే.

దూరపువాటిని దగ్గరగా చూపించే టెలి లెన్సుల వరకు ఒప్పుకుంటాను, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా వైడ్ వైపు వస్తుంది. అందరూ రోజూ వాడే 24-70 జూమ్ తీసుకుని క్రాప్ బాడీకి పెట్టండి, అది 36-105 అయిపోతుంది. గదిలో నలుగురు కూర్చుంటే నలుగురూ ఫ్రేములో పట్టరు, వెనక్కి జరుగుదామంటే వీపు గోడకి తగులుతుంది. పైగా బరువు. కెనన్ ఆర్‌ఎఫ్ 24-70 ఎఫ్ 2.8 లెన్స్ 900 గ్రాములు. క్రాప్ సెన్సర్ కోసమే సిగ్మా చేసిన 18-50 ఎఫ్ 2.8 సుమారు 300 గ్రాములు. మూడో వంతు బరువులో, క్రాప్ బాడీకి సరిపోయే కోణంతో, అదే ఎఫ్ 2.8 వెలుతురుతో లెన్స్ చేయొచ్చని బయటి కంపెనీ చేసి చూపించాక, "మా ఫుల్ ఫ్రేమ్ లెన్స్ వాడుకోండి" అని చెప్పడం ఏం న్యాయం?

క్రాప్ బాడీతో ఇచ్చే కిట్ లెన్స్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎఫ్ 3.5 దగ్గర మొదలై జూమ్ చేసేకొద్దీ ఎఫ్ 5.6, ఎఫ్ 6.3కి పడిపోతుంది. ఎండలో బాగుంటుంది. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పిల్లలు ఆడుకుంటుంటే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫోటోని వెలిగించే సెట్టింగు, పెంచేకొద్దీ ఫోటో గరుకవుతుంది) పెంచుకుంటూ పోవాలి. మా చెల్లి పాప మొదటి అడుగులు వేసిన రోజు నా దగ్గర ఆ కిట్ లెన్సే ఉంది. ఐఎస్ఓ 12800. ముఖం మీద ఇసుక చల్లినట్టుంది ఫోటో, అయినా ఫ్రేము కట్టించుకున్నారు. ఆ ఫోటో చూసినప్పుడల్లా బూడిదరంగు బొమ్మే గుర్తొస్తుంది నాకు.

మీ పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు ఉన్నాయిగా, అడాప్టర్ పెట్టుకోవచ్చుగా?

పెట్టుకుంటున్నాను. పనిచేస్తోంది కూడా, అబద్ధం చెప్పను. కానీ ఆ జత చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. అరచేతిలో ఇమిడే బాడీ, దానికి ముందు పాత లెన్సుని కొత్త మౌంట్‌కి కలిపే వేలెడంత గొట్టం, అదే అడాప్టర్, దాని ముందు అరకిలో పైచిలుకు లెన్స్. మెడలో వేసుకుంటే ముక్కు నేలకేసి వేలాడుతుంది. అడాప్టర్‌కీ లెన్స్‌కీ మధ్య ఆడీ ఆడనట్టు చిన్న లొడలొడ ఉంటుంది, ఫోకస్ రింగ్ తిప్పేటప్పుడు వేళ్లకి తెలుస్తుంది. చిన్న కెమెరా అని కదా మిర్రర్‌లెస్‌కి మారింది.

అడాప్టర్ పెట్టడానికి వీలైనవాళ్లం ఒకరకంగా అదృష్టవంతులం. అసలు వీలే లేనివాళ్లున్నారు, అదెందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. ప్రతి మౌంట్‌కీ లెన్స్ ఆనే అంచు నుంచి సెన్సర్ దాకా ఒక కొలత ఉంటుంది. లెన్స్ ఆ దూరానికే లెక్కగట్టి తయారవుతుంది. కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్ మౌంట్ ఈఎఫ్ కొలత 44 మిల్లీమీటర్లు, కొత్త మిర్రర్‌లెస్ మౌంట్ ఆర్‌ఎఫ్ కొలత 20. అంటే మధ్యలో 24 మిల్లీమీటర్ల ఖాళీ దొరుకుతుంది, అందులో అద్దాల్లేని ఉత్త గొట్టం పెడితే చాలు, పాత లెన్స్ కొత్త బాడీ మీద చక్కగా పనిచేస్తుంది. ఇక ఈఎఫ్-ఎం చూడండి. 2012లో కెనన్ తెచ్చిన చిన్న మిర్రర్‌లెస్ వరస అది. దాని కొలత 18. ఆర్‌ఎఫ్ బాడీ మీద పెడదామంటే లెన్స్ ఉండాల్సిన చోటుకంటే 2 మిల్లీమీటర్లు దూరంగా వెళ్లిపోతుంది, దూరపు వస్తువుల మీద ఫోకస్ కుదరదు. గొట్టం పెట్టడానికి చోటెక్కడిది? 2018లో ఆర్‌ఎఫ్ వచ్చింది, 2022లో అదే మౌంట్‌తో క్రాప్ బాడీలు ఆర్7, ఆర్10 వచ్చాయి, ఈఎఫ్-ఎం మెల్లగా ఆగిపోయింది. ఆ లెన్సులు కొన్నవాళ్లకి ముందుకి దారి లేదు.

1987లో కూడా ఇదే జరిగింది. కెనన్ అంతకుముందు వాడిన ఎఫ్‌డీ మౌంట్ కొలత 42, అప్పుడు కొత్తగా తెచ్చిన ఈఎఫ్ 44, అప్పుడూ తేడా 2 మిల్లీమీటర్లే. నిజం చెప్పాలంటే 1987 నాటి మార్పుకి గట్టి కారణం ఉంది. లెన్స్‌లోనే మోటార్ పెట్టి, బాడీకీ లెన్స్‌కీ మధ్య మాటంతా కరెంటు సంకేతాల మీదే నడిపించాలనుకున్నారు, పాత మౌంట్‌తో అది కుదిరే పని కాదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి పైగా ఈఎఫ్‌ని నిలబెట్టారు, ఎఫ్‌డీ వాళ్ల బాధకి ఒక అర్థమన్నా దక్కింది. ఈఎఫ్-ఎంకి కెనన్ తన పేరుతో చేసిన లెన్సులు పది కూడా లేవు.

నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంట్‌ని అరవై ఏళ్లు మోసింది. దాన్ని మెచ్చుకోవాల్సిందే. మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్‌కి వాళ్లిచ్చిన అడాప్టర్‌లో మాత్రం ఫోకస్ మోటార్ లేదు. సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్సులు దాచుకున్నవాళ్లు రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే.

కొత్త మోడల్ అంటే పాతదానికంటే మెరుగ్గానే ఉంటుందిగా?

ఉండాలి. కానీ క్రాప్ వరసలో ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం ఎప్పటినుంచో ఉంది. కెనన్ 50డీలో లెన్స్‌కి తగ్గట్టు ఫోకస్ సరిచేసుకునే సదుపాయం ఉండేది, 2010లో వచ్చిన 60డీలో తీసేశారు, తర్వాత 70డీలో మళ్లీ పెట్టారు. నికాన్ డీ3300లో బయటి మైకు పెట్టుకునే రంధ్రం ఉంది, దాని తర్వాతి డీ3400లో లేదు, సెన్సర్ దుమ్ము దులిపే ఏర్పాటూ లేదు. డీ7200లో రెండు కార్డ్ స్లాట్లు, 2017 డీ7500లో ఒకటి. బ్యాటరీ గ్రిప్ కాంటాక్టులు పోయాయి, పాత మాన్యువల్ లెన్సులతో లైట్ మీటర్ పనిచేయించే చిన్న రింగు కూడా పోయింది. ఇవన్నీ ముందు మోడల్‌లో ఉన్నవే, అంటే చేయడం తెలిసినవే.

నా విషయానికొస్తే పోయింది బఫర్. బరస్ట్‌లో, అంటే బటన్ నొక్కిపట్టి వరసగా తీసిన ఫోటోలు కార్డులోకి ఎక్కేలోపు కాసేపు దాచుకునే చోటు అది. పాత బాడీలో దాని ఊసే నాకు గుర్తుండేది కాదు, అంత లోతుగా ఉండేది. కొత్తది సెకనుకి ఇంకా ఎక్కువ ఫ్రేములు తీస్తుందని పెట్టె మీద పెద్దక్షరాలతో వేశారు, అవి ఎన్ని సెకన్లు తీస్తుందో మాత్రం మాన్యువల్ చివర్లో చిన్న పట్టికలో ఉంది.

చెరువు గట్టున లకుముకి పిట్ట కోసం కూర్చున్నాను. నలభై నిమిషాలు. నీళ్లమీదకి వంగిన కొమ్మ మీద అది, నేను కదలకుండా కింద. తల వంచి నీళ్లలోకి చూసింది, రెండుసార్లు మెడ ఆడించింది, దూకుతుందని అర్థమై షట్టర్ నొక్కాను. వ్యూఫైండర్ మూలన బఫర్‌లో ఇంకా ఎన్ని పడతాయో చూపించే అంకె ఉంటుంది. 19. అది ఇంకా కొమ్మ మీదే ఉంది. 14, రెక్కలు విప్పింది. 8, గాల్లో ఉంది. 3, ముక్కు నీటిని తాకింది. సున్నా. కెమెరా ఆగిపోయింది, కార్డు లైటు ఎర్రగా కొట్టుకుంటోంది, నా వేలు బటన్ మీద నొక్కిపట్టే ఉంది. నా కళ్లముందే అది చేపతో పైకి లేచింది, నీటి చుక్కలు ఎండకి మెరుస్తూ. మళ్లీ క్లిక్‌మన్న ఫ్రేములో నీటిమీద ఉంగరాలు తప్ప ఏమీ లేవు. ఆ ఫోటో ఇప్పటికీ తీసేయలేదు.

మెమొరీ చిప్ ఇంకాస్త పెద్దది పెట్టడానికి ఎంతవుతుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అది పెడితే ఫుల్ ఫ్రేమ్ మోడల్ కొనేవాళ్లలో కొందరు ఇక్కడే ఆగిపోతారేమోనన్న భయం తప్ప నాకు ఇంకో కారణం కనబడట్లేదు.

ఇవన్నీ సాంకేతిక పరిమితులు కావచ్చు కదా?

కొన్ని అవును. వేడి, బ్యాటరీ, ప్రాసెసర్ శక్తి, ఇవి నిజమైన పరిమితులే. కొన్ని మాత్రం కావాలని పెట్టుకున్న గోడలు. కెనన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ల కోసం బయటి ప్రోగ్రామర్లు మ్యాజిక్ ల్యాంటర్న్ అనే సాఫ్ట్‌వేర్ రాశారు, 2009లో 5డీ మార్క్ 2తో మొదలైంది, 2013 నాటికి 5డీ మార్క్ 3లో కంపెనీ ఇవ్వని రా వీడియోని (కెమెరా మెరుగులు దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే వీడియో) అదే హార్డ్‌వేర్ మీద తీయించారు. అంటే ఆ శక్తి పెట్టెలో ముందునుంచీ ఉంది.

ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇస్తున్నారుగా?

మాకొచ్చేవి "కొన్ని చిన్న లోపాలు సరిచేశాం" అనే ఒక్క లైను. అప్‌డేట్ అంటే ఏమిటో చూడాలంటే ఫూజీఫిల్మ్ 2020లో ఎక్స్-టీ3కి ఇచ్చింది చూడాలి. అప్పటికే దాని తర్వాతి మోడల్ ఎక్స్-టీ4 అమ్మకాల్లో ఉంది, అయినా దాని స్థాయి ఆటోఫోకస్‌ని పాతదానికి ఉచితంగా ఇచ్చారు. నికాన్ జెడ్9కి 2022లో ఇచ్చిన 2.0 అప్‌డేట్‌తో 8కే 60 ఫ్రేముల రా వీడియో వచ్చింది. పాత కెమెరా కొన్నవాడికి పొద్దున్నే కొత్త కెమెరా చేతికొచ్చినట్టుంటుంది అది. అలాంటి రోజు మాకు ఒక్కటి రాలేదు.

ఫోన్లు వచ్చి కెమెరాల మార్కెట్‌నే మింగేశాయి. పాపం కంపెనీ మాత్రం ఏం చేస్తుంది?

ఈ ప్రశ్నకి నా దగ్గర కోపం తక్కువ, ఆలోచన ఎక్కువ. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బయటికి వెళ్లాయి. 2023కి వచ్చేసరికి 80 లక్షల లోపు. ఏ వ్యాపారమైనా ఈ దెబ్బకి నడుం వంచుతుంది. పోయినవాటిలో ఎక్కువ శాతం జేబు కెమెరాలే అయినా, ఫ్యాక్టరీలు, పరిశోధన ఖర్చు అన్నీ ఆ అమ్మకాల మీదే నడిచేవి. కాబట్టి ఒక్కో కెమెరా మీద లాభం ఎక్కువ మిగిలే ఫుల్ ఫ్రేమ్ వైపు మొగ్గారు. అర్థమవుతుంది.

నాకు అర్థం కానిది వాళ్లు మమ్మల్ని చూసే తీరు. వాళ్ల లెక్కలో క్రాప్ సెన్సర్ ఒక మెట్టు. కొత్తవాడు అక్కడ అడుగుపెడతాడు, రెండేళ్లకి చాలదనిపిస్తుంది, పై మెట్టుకి ఎక్కుతాడు. అందుకే ఆ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడేలా సదుపాయాలు పెట్టరు. నాలాంటివాడు ఎక్కడికీ ఎక్కాలనుకోవట్లేదు, ఇదే నా ఇల్లు. బరువు మోయలేని పెద్దవాళ్లున్నారు, కొండలెక్కేవాళ్లున్నారు, పక్షులవాళ్లున్నారు. ఇరుకు పెట్టి తోస్తే వీళ్లలో కొందరు పై మెట్టు ఎక్కుతారు, నిజమే. కొందరు కెమెరా పక్కన పెట్టి ఫోనుతో సరిపెట్టుకుంటారు. మార్కెట్ కుంచించుకుపోతోందని దిగులుపడే కంపెనీ ఈ రెండోవాళ్లని ఎందుకు లెక్కేసుకోదు?

డీఎస్‌ఎల్‌ఆర్ రోజుల్లో వాళ్ల అమ్మకాల్లో అధికభాగం మావాళ్లే, కిట్ లెన్స్‌తో కలిపి పెట్టెలో పెట్టి అమ్మిన క్రాప్ బాడీలే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

బయటి కంపెనీల లెన్సులు కొనుక్కోవచ్చుగా?

కొనుక్కుంటాం, కంపెనీ తలుపు తీస్తే. సోనీ 2011లోనే ఈ-మౌంట్ ప్రాథమిక వివరాలు బయటి లెన్స్ తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. ఈరోజు ఆ మౌంట్‌కి దొరికే లెన్సుల జాబితా చూస్తే ఆ నిర్ణయం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. కెనన్ ఆర్‌ఎఫ్ 2018లో వస్తే, సిగ్మా, టామ్రాన్‌ల ఆటోఫోకస్ లెన్సులకి అనుమతి 2024లో దొరికింది, అదీ క్రాప్ సెన్సర్ లెన్సులకి మాత్రమే. పైన చెప్పిన 18-50 ఆర్‌ఎఫ్‌కి అలా వచ్చిందే. ఆలస్యమైనా వచ్చింది, వాళ్లకి మంచి జరిగింది, నేను సంతోషించాను. తాము చేయని లెన్సుని ఇంకొకరిని చేయనివ్వడం కంపెనీకి నష్టం ఎలా అవుతుంది? ఆ లెన్స్ కోసం బాడీ కొనేవాడు వాళ్ల బాడీయే కదా కొనేది.

అంత బాధగా ఉంటే వేరే కంపెనీకి మారిపోవచ్చుగా?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మారాలంటే ఏడు లెన్సులు సగం ధరకి వదిలించుకోవాలి, కొత్తవి పూర్తి ధరకి కొనాలి. అది డబ్బు సంగతి. అంతకంటే పెద్దది చేతుల సంగతి. చీకట్లో కెమెరా తీసినా నా బొటనవేలు ఏ చక్రం మీదకి వెళ్లాలో దానికే తెలుసు. ఎక్స్‌పోజర్ తగ్గించాలంటే ఎటు తిప్పాలో ఆలోచించను. వేరే కంపెనీ కెమెరా రెండు వారాలు అరువు తెచ్చుకుని వాడాను, లెన్స్ బిగించే దిక్కు కూడా తిరగబడింది, జూమ్ రింగ్ అటుదిటు. కెమెరా మంచిదే. నేనే దాని వెనక తడుముకుంటూ ఉండిపోయాను.

ఇంకో మాట. మౌంట్ ఎంచుకోవడమంటే ఇరవై ఏళ్ల ఒప్పందం అని నేను నమ్మాను, కంపెనీ కూడా ప్రకటనల్లో అదే మాట చెప్పుకుంది. మాట తప్పింది వాళ్లు. ఇల్లు ఖాళీ చేయాల్సింది నేనా?

పూర్తిగా దుకాణం మూసేసిన కంపెనీల కంటే మీది నయం కదా?

నయమే. శాంసంగ్ 2014లో ఎన్ఎక్స్1 తెచ్చింది, 28 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్, సెకనుకి 15 ఫ్రేములు, 4కే వీడియో. అప్పటికి దాన్ని మించిన క్రాప్ బాడీ చూపించడం కష్టం. ఆ తర్వాత కొద్దికాలానికే చడీచప్పుడు లేకుండా కెమెరాల నుంచి తప్పుకున్నారు. నికాన్ 1 వరస 2011లో మొదలై 2018లో ఆగింది. వాళ్ల కష్టం ముందు నాది చిన్నదే.

ఒలింపస్ కథ మాత్రం నాకు ధైర్యాన్నిస్తుంది. పాత ఫోర్ థర్డ్స్ డీఎస్‌ఎల్‌ఆర్ వరస 2010లో ఇ-5తో ఆగిపోయింది, ఖరీదైన లెన్సులు కొన్నవాళ్లు మూడేళ్లు అయోమయంలో ఉన్నారు. 2013లో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే మిర్రర్‌లెస్ మౌంట్‌తో ఇ-ఎం1 వచ్చింది, ఆ పాత లెన్సులు అడాప్టర్ మీద సరిగ్గా ఫోకస్ చేసేలా సెన్సర్‌లోనే ఏర్పాటు పెట్టి. అమ్మేసిన సరుకుని మర్చిపోకపోవడమంటే అదీ. 2021 జనవరిలో ఒలింపస్ కెమెరా వ్యాపారమే చేతులు మారింది, పేరు ఓఎం అయింది, అయినా మైక్రో ఫోర్ థర్డ్స్ మౌంట్ బతికే ఉంది, పానాసోనిక్ కూడా అదే మౌంట్‌కి లెన్సులు చేస్తుంది కాబట్టి.

ఫోటోకి కెమెరా కాదు, కన్ను ముఖ్యం అంటారు కదా?

కన్నే ముఖ్యం. సున్నా దగ్గర ఆగిపోయిన కెమెరాకి ఆ మాట చెప్పి ఏం లాభం?

కంపెనీకి ఈ విషయం చెప్పారా?

మూడుసార్లు రాశాను. మొదటిసారి "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని వచ్చింది. రెండోసారి అక్షరం తేడా లేకుండా అదే వచ్చింది. మూడోసారి ఎవరో మనిషి జవాబిచ్చారు, మర్యాదగా, విడుదల కాని ఉత్పత్తుల గురించి మాట్లాడలేమని. ఆ లెన్స్ మీరే ప్రకటించారు కదండీ అని తిరిగి రాశాను. అక్కడితో ఆగిపోయింది.

జవాబు రాసినవాళ్ల మీద నాకేం కోపం లేదు, వాళ్ల చేతుల్లో ఏముంటుంది. ఆ డిజైన్లు గీసే ఇంజినీర్ల మీద అసలే లేదు. నా మొదటి బాడీ వానలో తడిసినా, ఒకసారి మెట్లమీద దొర్లినా ఈరోజుకీ పనిచేస్తోంది, దాన్ని చేసిన చేతులకి దండం పెట్టాలి.

కొత్తగా కెమెరా కొనేవాళ్లకి మీరిచ్చే సలహా?

బాడీ చూడకండి, ముందు లెన్సులు చూడండి. మీకు కావాల్సిన మూడు లెన్సులు రాసుకోండి. నాకైతే ఒక తేలికైన ఎఫ్ 2.8 జూమ్, ఒక వైడ్ ప్రైమ్, ఒక టెలి. ఆ మూడూ ఈరోజు షాపులో దొరుకుతున్నాయా లేదా? రోడ్‌మ్యాప్‌లో ఉందంటే దాన్ని లేనట్టే లెక్కేయండి. ఆ మౌంట్‌కి బయటి కంపెనీలు లెన్సులు చేస్తున్నాయా చూడండి. ఆ కంపెనీ రెండేళ్ల కిందటి మోడల్‌కి చివరిసారి ఇచ్చిన ఫర్మ్‌వేర్‌లో ఏముందో చదవండి, ఒక్క పేజీ, ఐదు నిమిషాలు పడుతుంది, అమ్మేశాక వాళ్లెలా ఉంటారో అందులో తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ లెన్సులు మంచివి దొరుకుతాయి, భయపడకండి, అద్దాల్లో ఫంగస్ ఉందేమో ఫోన్ టార్చ్ వేసి వెనకనుంచి చూసుకోండి.

సరే, ఏం చేస్తే మీ కోపం తీరుతుంది?

పెద్ద కోరికలేం లేవు. ప్రకటించిన ఆ రెండు లెన్సులు చేయండి. చేయలేకపోతే బయటివాళ్లని చేయనివ్వండి. అదీ కుదరదంటే, క్రాప్ వరస మీద ఇక మేం ఖర్చు పెట్టం అని ఒక్క వాక్యం బహిరంగంగా రాయండి. బాధపడతాను, కానీ నా లెన్సులకి ఇంకా ధర పలికే రోజుల్లోనే ఓ నిర్ణయం తీసుకోగలుగుతాను. తేల్చకుండా నాన్చడం వల్ల మావాళ్లంతా వచ్చే నెల, వచ్చే ఏడాది అంటూ కొత్త లెన్స్ కొనకుండా, పాతది అమ్మకుండా కూర్చున్నారు.

ఇప్పుడు ఏ కెమెరా వాడుతున్నారు?

లకుముకి దగ్గరికి మళ్లీ పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తోనే వెళ్తున్నాను, మూడో బాడీ అది. గ్రిప్ రబ్బరు ఉబ్బి బొటనవేలు ఆనేచోట ఊడొచ్చింది, రెండువైపులా అంటుకునే టేపు వేసి అతికించాను, ఎండకి జారితే మళ్లీ అతికిస్తాను. షట్టర్ లక్షా ఎనభై వేలు దాటింది. మొన్న సర్వీస్ సెంటర్‌లో అడిగాను, షట్టర్ పోతే మారుస్తారా అని. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి కంప్యూటర్‌లో చూసి, స్టాకులో ఇంకా రెండున్నాయి సార్, అన్నాడు.